కడిగితే కనబడతడు

చేవెళ్ల బస్టాండు ఎదురుగా, పండ్ల బండ్లకూ మందుల దుకాణానికీ నడుమ, ఒక మనిషి ఇరుక్కుని కూర్చునేంత చెక్క డబ్బా ఉంది. అందులో కూర్చుని నర్సింహ గడియారాలు బాగుచేస్తాడు. బాగుచేస్తాడు అనడం ఆయన మీద ఉన్న గౌరవం కొద్దీ. ఈ రోజుల్లో గోడ గడియారానికి సెల్లు వేయించుకోవడానికో, చేతి గడియారానికి పట్టీ మార్పించుకోవడానికో తప్ప ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు లేరు. అయినా గడియారాల నర్సింహ అని అడిగితే ఎవరని తల గోక్కునే జనం, చావి కెమెరాల నర్సింహ అంటే మాత్రం ఇంటి దాకా తీసుకొచ్చి దిగబెడతారు. చుట్టుపక్కల పాతసామాన్ల దుకాణాల్లో ఆయన ఫోను నంబరు గోడ మీద సుద్దతో రాసి ఉంటుంది.

చావి కెమెరా అంటే కరెంటూ బ్యాటరీ లేకుండా సినిమా తీసే చేతి కెమెరా. పక్కన చావి ఉంటుంది. గడియారానికి ఇచ్చినట్టే దానికీ చావి ఇస్తే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. మీట నొక్కితే గర్రుమంటూ అర నిమిషం పాటు రీలు తిరుగుతుంది. అటువంటివి నర్సింహ ఇంట్లో నలభై ఒకటి ఉన్నాయి. బీరువా మొత్తం వాటిదే. ఆయన భార్య మంజుల పెళ్లినాటి పట్టుచీర ముప్పై ఏళ్లుగా మంచం కింద ట్రంకుపెట్టెలో మడతలు పడి ఉంది. కెమెరాల మీద మాత్రం ఈగ వాలనివ్వడు.

"మనిషికి పేకాటో తాగుడో ఉంటే నలుగురికి చెప్పుకొని ఏడుస్త. కెమెరాలని ఎట్ల చెప్పుకోవాలె?" అంటుంది మంజుల. అలా అంటూనే వాటి మీద కప్పడానికి పాత దుప్పటి చింపి కుట్టింది కూడా ఆవిడే.

ఊరు రకరకాలుగా అనుకునేది. విదేశాలకు అమ్ముకుంటాడని కొందరు, మ్యూజియం పెడతాడని కొందరు. నిజం చెప్పాలంటే నర్సింహకు కెమెరాల మీద ఏ మోజూ లేదు. ఇల్లంతా నింపినా ఆయన వెతికేది ఒకే ఒక్క కెమెరా. ఒక మూల సొట్టపడిన కెమెరా.

అరవై ఏళ్ల కిందటి మాట. ఎంకపల్లి దగ్గర పట్నం సేటు ఒకాయనకు ద్రాక్షతోట ఉండేది. నర్సింహ తల్లి జంగమ్మ ఆ తోటలో గుత్తులు కోసే కూలికి పోయేది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు. ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయాక మూడోవాడు నిలిచాడు. దేవుడు పెట్టిన భిక్ష అని వాడికి భిక్షం అని పేరు పెట్టుకుంది. నాలుగేళ్ల వాణ్ణి చంక దించకుండా పనికి వెంట తీసుకుపోయేది.

ఒకరోజు సేటు కొత్త కెమెరా పట్టుకొచ్చి కూలీలందరినీ వరసగా నిలబెట్టాడు. కెమెరాను బావి గచ్చు మీద పెట్టి ఏదో సర్దుకుంటుండగా, దాని తోలుపట్టీ వేలాడుతోందని భిక్షం గుంజాడు. కెమెరా రాతి మీద పడింది. ఒక మూల సొట్టపోయింది. సేటు ఏమీ అనలేదు. ఏమంటాడో అన్న భయంతో జంగమ్మే కొడుకు వీపు మీద నాలుగు చరిచింది. వాడు గుక్కపట్టి ఏడుస్తుండగానే మేస్త్రి కేకేస్తే గంప నెత్తినెత్తుకుని పాక వైపు వెళ్లిపోయింది. వెనక నుంచి గర్రుమన్న చప్పుడు వినబడింది గానీ తిరిగి చూసే ధైర్యం చేయలేదు.

సేటు వాడి చేతిలో ద్రాక్షగుత్తి పెట్టి, వాణ్ణొక్కణ్ణే కెమెరాలో తీశాడని తర్వాత తోటి కూలీలు చెప్పారు. గుత్తి చూసి నవ్విండు అని ఒకామె అన్నది. ఎక్కడిది, చివరిదాకా ఏడుస్తనే ఉన్నడు అని ఇంకొకామె అన్నది. సాయంత్రం జంగమ్మ వచ్చేసరికి వాడు పందిరి కింద నిద్రపోయి ఉన్నాడు. చెంపల మీద కన్నీటి చారికలు మాత్రం ఉన్నాయి. మూడో రోజు జ్వరం వచ్చింది. అయిదో రోజు ఫిట్సు వచ్చి, దవాఖానకు బండి కట్టేలోపే పోయాడు. వాడికి ఫోటో లేదు. మరుసటేడు నర్సింహ పుట్టాడు.

జంగమ్మ నర్సింహను ఒక్కనాడు కొట్టలేదు. బడి ఎగ్గొట్టినా, ఎదురింటివాళ్ల కిటికీ అద్దం పగలగొట్టినా చెయ్యి ఎత్తలేదు. పిల్లలను కొట్టే తల్లులను చూస్తే లేచి అక్కణ్ణుంచి వెళ్లిపోయేది. ఎందుకో ఆయనకు చాలా కాలం తెలియలేదు. ఇరవై ఏళ్లు వచ్చాక ఒకనాడు ఆమే చెప్పింది. "గా సొట్ట కెమెరాల నీ అన్న ఉన్నడు బిడ్డ. ఏడుపు ఆపిండా లేదా, గదొక్కటి చూడాలె నేను. చూసినంక పోయినా ఫికర్ లేదు."

నర్సింహ తోట వెతుక్కుంటూ పోయేసరికి సేటు చనిపోయి, కొడుకులు తోటను ముక్కలుగా అమ్మేశారు. ముసలి కాపలావాడు ఒక్కడు మిగిలాడు. సొట్టపోయిన దగ్గర మూత బిగుసుకుపోయి రాలేదని, రీలు లోపలే ఉండిపోయిందని, కెమెరాను విసుక్కుని మూలన పడేశారని అతను చెప్పాడు. ఆ ఇంటి సామానంతా ఎవరెవరికో పోయింది. ఆ మాట పట్టుకుని నర్సింహ మొదలుపెట్టాడు. మొయినాబాదు, జన్వాడ, శంకర్‌పల్లి, ఎక్కడ ఫారంహౌసు ఖాళీ చేస్తున్నా సైకిలు మీద, తర్వాత మోపెడు మీద పోయేవాడు. మూలకు సొట్ట ఉందేమోనన్న ఆశతో కొన్నవే ఈ నలభై ఒకటీ. సొట్టలు చాలావాటికి ఉన్నాయి. కానీ అన్నింటి మూతలూ తెరుచుకున్నాయి.

తెచ్చిన ప్రతి కెమెరాను ముందు తల్లి ఒళ్లో పెట్టేవాడు. ఆమె నాలుగు మూలలూ వేళ్లతో తడిమేది. చావి ఇచ్చి చెవి దగ్గర తిప్పమనేది. కాసేపు విని, "ఇది కాదు" అనేది. అంతే, దాని సంగతి ఆమెకు మళ్లీ అక్కర్లేదు. నర్సింహ స్ప్రింగు చావి పూర్తిగా దించి బీరువాలో పెట్టేవాడు. బిగించి వదిలేస్తే స్ప్రింగు చచ్చిపోతుందని గడియారాల పని నేర్పినాయన చెప్పిన మాట.

కొన్నింటి పెట్టెల్లో ఎవరో వేసుకుని చూసిన పాత రీళ్ల ముక్కలు దొరికేవి. నర్సింహ వాటిని ఎండకు పట్టి తల్లికి చెప్పేవాడు. ఒకసారి ఎవరిదో పెళ్లి విందు. "ఒక లావుపాటి ఆయన ఎడమ చేతితోని లడ్డు తింటున్నడవ్వ" అన్నాడు.

"విందుల కూసొని ఎడమ చేతితోని ఎవడు తింటడురా? మంచిగ చూడు."

చూస్తే రీలు తిరగేసి పట్టుకున్నాడు. తిప్పి పట్టుకుంటే లడ్డు కుడిచేతిలోకి వచ్చింది. గడియారాల మనిషివి కుడి ఎడమలు తెలియవా అని తల్లీ భార్యా కలిసి వారం రోజులు ఆయన్ను ఆటపట్టించారు. ఆ ఇంట్లో కెమెరాల వల్ల నవ్వులు పుట్టింది ఆ వారమే.

తర్వాత జంగమ్మ కళ్లు మందగించాయి. కంటి నరం ఎండిపోతున్నదని, ఎడమ కన్ను పోయిందని, కుడి కంటికి ఇంకో ఆరు నెలలు చూపు నిలిస్తే గొప్పేనని దవాఖానలో చెప్పారు. ఆ రోజు నుంచి నర్సింహ డబ్బా తెరవడమే తగ్గించాడు. పొద్దున లేస్తే పాతసామాన్ల దుకాణాలే. తిండి తినేటప్పుడు కూడా ఫోను చేతిలోనే. ఎవరైనా కెమెరా ఉందంటే, అది ప్లాస్టిక్‌దని తెలిసినా సరే, పోయి చూసి వచ్చేవాడు. ఆరు నెలల్లో నాలుగు గడిచిపోయాయి. ఒకనాడు తల్లి గ్లాసు అనుకుని గాలిని పట్టుకోవడం చూసి, ఇంటి వెనక్కి పోయి గోడకు తల ఆనించి ఏడ్చాడు.

ఆ వారంలోనే మోకిల నుంచి తాతారావు ఫోను చేశాడు. కాకినాడ దగ్గర నుంచి ముప్పై ఏళ్ల కింద వచ్చి, కంప్యూటరు కంపెనీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకూ చావి కెమెరాల పిచ్చి ఉంది గానీ అది అసలు సిసలు పిచ్చి. అద్దాల అలమారా, లోపల దీపాలు, కెమెరా కెమెరాకూ పేరు రాసిన చీటీ. స్ప్రింగు తెగితే నర్సింహే దిక్కు.

"నర్సింహ గారూ, జన్వాడలో ఒక పాత ఇల్లు పడగొడుతుంటే నాలుగు కొన్నానండి. ఒకదానికి మూత పట్టేసింది. మీరొచ్చి చూస్తారా?" అన్నాడు.

నర్సింహ పోయి చూశాడు. కెమెరా కింది మూల లోపలికి పోయి, మూత అంచును కరిచిపట్టుకుని ఉంది. తోలుపట్టీ సగం చీకిపోయింది. పక్కన చిన్న అద్దంలో ముల్లు, ఎంత రీలు తిరిగిందో చూపించేది, నడుమ ఆగి ఉంది. అంటే రీలు లోపల ఉంది. నర్సింహ సోఫా పక్కనే ఉన్నా నేల మీద కూలబడ్డాడు. ఏడుపు మధ్యలో ముక్కలు ముక్కలుగా సంగతంతా చెప్పి, "సార్, నా కెమెరాలన్నీ తీసుకోండ్రి. గిదొక్కటి నాకియ్యిండ్రి" అన్నాడు.

తాతారావు కెమెరాను గుడ్డతో తుడిచి నర్సింహ చేతుల్లో పెట్టాడు. "మీ నలభై ఒకటీ నేనేం చేసుకుంటానండి. తీసుకెళ్లండి. కానీ మూత వెలుతురులో తీయకండి. తీశారంటే అంతా పోయినట్టే. రీలు కడిగించాలి. ఇంత పాతవి కడిగే ఆయన ముంబైలో ఒకరున్నారు, నేను మాట్లాడతాను" అన్నాడు.

ముంబై ఆయన సోమవారం తెమ్మన్నాడు. పార్సిలు మీద నమ్మకం లేక, నర్సింహ తానే పోతానని రైలుకు టికెట్ తీసుకున్నాడు. ఇదంతా జరిగింది గురువారం.

ఇంటికి వచ్చి కెమెరాను తల్లి ఒళ్లో పెట్టాడు. ఏమీ చెప్పలేదు. జంగమ్మ మొదటి మూల తడిమింది, రెండోది తడిమింది. మూడో మూల దగ్గర వేళ్లు ఆగిపోయాయి. బొటనవేలు సొట్టలో పెట్టి అలాగే ఉండిపోయింది. ఎక్కడో మీట నొక్కుకుపోయినట్టుంది, కెమెరా గర్రుమని రెండు క్షణాలు తిరిగి ఆగింది. ఆనాడు సేటు ఇచ్చిన చావి అరవై ఏళ్లుగా అందులోనే బిగుసుకుని ఉంది.

"గిదే" అంది జంగమ్మ. అని, కెమెరాను రెండు చేతులతో రొమ్ముకు అదుముకుంది.

వెలుతురు పడకుండా మూత తీయడానికి మంజుల రెండు నల్లటి లంగాలు కలిపి, చేతులు దూర్చడానికి రెండు బొక్కలు ఉంచి సంచి కుట్టింది. నర్సింహ ఆ సంచిలో చేతులు పెట్టి, కంటితో చూడకుండానే మూత పెకలించాడు. ముప్పావు గంట పట్టింది. రీలును తడిమి తీసి, రేకు డబ్బాలో పెట్టి, నల్లగుడ్డ చుట్టి బీరువాలో పెట్టాడు. చేతులు బయటికి తీస్తే వేళ్ల నుంచి రక్తం కారుతోంది. ఆయన నవ్వుతున్నాడు.

"దొరికిండవ్వ అన్న! ఇంక కడిగితే కనబడతడు."

"ఎవరు కడుగుతరు?"

"ముంబైల ఒకాయన ఉన్నడట. సోమవారం నేనే పట్టుకపోత."

జంగమ్మ ముఖం చిట్లించింది. "నా కొడుకును ముంబైల ఎవడో కడుగుడేందిరా?"

మంజుల పకపకా నవ్వింది. నర్సింహా నవ్వాడు. అరవై ఏళ్ల బరువు దిగిన రోజు, తల్లి పరాచికం ఆడుతోందనే అనుకున్నాడు. మన భాషలో ఫోటోలు కడిగించడం అన్న మాట పుట్టి ఎన్ని తరాలైందో గానీ, ఆ కడగడం వేరు, ఈ కడగడం వేరు అని జంగమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆమె బతుకులో ఒక్క ఫోటో కడిగించుకున్నది లేదు. వెలుతురు తగలొద్దన్న సంగతి భార్యకు పదిసార్లు చెప్పిన నర్సింహ, తల్లికి ఒక్కసారి చెప్పలేదు. చూపు లేని మనిషి బీరువా దాకా ఎందుకు పోతుందిలే అనుకున్నాడు.

శనివారం మంజుల గులాబీ తోటలో పూలు కోసే పనికి పోయింది. నర్సింహ చాన్నాళ్లకు డబ్బా తెరిచి కూర్చున్నాడు. గడియారం పట్టీ మార్పించుకున్న ప్రతివాడితోనూ ముంబై పోతున్నానని చెప్పుకున్నాడు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చి వాకిట్లో అడుగుపెట్టేసరికి కుంకుడుకాయల వాసన వచ్చింది.

జంగమ్మ బండ మీద రెండు కాళ్లూ చాపుకుని కూర్చుని ఉంది. పసిపిల్లలకు స్నానం పోసేటప్పుడు ఆడవాళ్లు కూర్చునే తీరున. పక్కన గంగాళంలో వేడినీళ్లు పొగలు కక్కుతున్నాయి. ముందున్న తాంబాళంలో నురగ. రేకు డబ్బా మూత తీసి పక్కన పెట్టి ఉంది. నల్లగుడ్డ ఉతికి గోడ మీద ఆరేసింది. రీలు మొత్తం ఆమె కాళ్ల మీద చుట్టలు చుట్టలుగా ఉంది. ఆమె దాన్ని కొంచెం కొంచెం లాగుతూ, కుంకుడు రసం అద్ది, రెండు వేళ్ల నడుమ మెల్లగా రుద్దుతోంది. కళ్లలో పడుతుందేమోనన్నట్టు మధ్యమధ్యలో ఆగి నీళ్లు పోస్తోంది. పెదవులు ఏదో అనుకుంటున్నాయి.

"అవ్వా!"

ఆ అరుపుకు జంగమ్మ ఉలిక్కిపడింది. చేతిలో రీలు జారింది. "ఏమైందిరా?"

నర్సింహ ఒక్క ఉదుటున వచ్చి రీలు అందుకున్నాడు. వేడినీళ్లకు మెత్తబడి, రుద్దుడుకు బొమ్మ ఉండే పైపూతంతా ఊడిపోయింది. చివరిదాకా లాగి చూశాడు. చివరిదాకా అంతే. తెల్లగా, శుభ్రంగా, గాజులా ఉంది. తాంబాళంలో నీళ్లు మాత్రం బూడిదరంగులో ఉన్నాయి. ఆయన మోచేతుల దాకా ఆ నీళ్లలో చేతులు పెట్టి దేవులాడాడు. నురగ తప్ప ఏమీ దొరకలేదు. ఆయన ఎన్నడూ చూడని అన్న ముఖం, ఆయన బతుకంతా వెతికిన ముఖం, ఆ నీళ్లలో కలిసిపోయింది. గుండెలు బాదుకోవాలనిపించింది. తల్లి రెండు భుజాలూ పట్టుకుని కుదిపి, ఏం చేసినవే అని ఊరంతా వినబడేలా అరవాలనిపించింది.

"ఏమైంది బిడ్డ, మాట్లాడవేంది?" అంది జంగమ్మ. "మంచిగ కడగలేదా? కుంకుడు ఎక్కువైందా? కొట్టిన చెయ్యి నాది. కడిగేది గూడ నేనే కావాలె అనుకున్న. తప్పు చేసిన్నా?"

ఆమె అరచేతులు రెండూ పైకి చూపించింది. నీళ్లలో నాని ముడతలు పడి, తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

నర్సింహ గొంతులోకి వచ్చిన అరుపును మింగాడు. 

"లేదవ్వ. మంచిగనే కడిగినవ్."

"కడిగితే కనబడతడంటివి గద. జర ఎండకు పట్టి చూడు. నా కండ్లకు వెలుగొక్కటే తెలుస్తున్నది. నువ్వు చూసి చెప్పు."

నర్సింహ లేచి రీలును రెండు చేతులతో ఎండకు ఎత్తి పట్టాడు. దాని గుండా పక్కింటి మేడ మీది నల్లటి నీళ్ల ట్యాంకు కనిపించింది. రీలు నుంచి నీళ్లు కారి ఆయన చేతులు చంకల దాకా తడిశాయి.

"ఉన్నడా?"

"ఉన్నడవ్వ."

"ఏడుస్తున్నడా?"

ట్యాంకు మీద కాకి ఒకటి వాలింది. నర్సింహ దాన్నే చూశాడు.

"లేదవ్వ. నవ్వుతున్నడు."

 జంగమ్మ భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి. కొంగు తీసి ముఖం తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.

"చేతుల గుత్తి ఉన్నదా?"

"ఉన్నది. పెద్ద గుత్తి."

"ఏ చేతుల?"

"కుడి చేతుల" అన్నాడు నర్సింహ, ఆలోచించకుండా.

జంగమ్మ చెయ్యి కొంగు మీద ఆగిపోయింది. తాంబాళంలో నురగ బుడగలు ఒక్కొక్కటిగా చిట్లుతున్నాయి. రోడ్డు మీద తాండూరు బస్సు పోయింది. చూపు లేని ఆ కళ్లు ఎత్తి ఆమె కొడుకు ఉన్న వైపు చాలాసేపు చూసింది.

"వానిది ఎడమచెయ్యి వాటం బిడ్డ" అంది మెల్లగా. "ఏది ఇచ్చినా గా చేతితోనే పట్టుకునేటోడు. నీకు చెప్పనే లేదు నేను."

నర్సింహకు ఎత్తిన చేతులు దించడానికి కూడా భయమేసింది.

"నువ్వు తిరగేసి పట్టినట్టున్నవ్ రా" అంది జంగమ్మ. "తిప్పి పట్టు. మంచిగ చూడు."

నర్సింహ రీలును తిప్పి పట్టాడు. అదే ఎండ, అదే ట్యాంకు.

"అవునవ్వ" అన్నాడు. "ఎడమ చేతులనే ఉన్నది."